గుర్రానికి, గుర్రపు పిల్లకు యాంటీబయాటిక్ ఎలా ఇవ్వాలి

గుర్రానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు దాని పెద్దపేగు గురించి ఆలోచించాలి. గుర్రం తినే గడ్డిలో ఎక్కువ భాగాన్ని అరిగించేది దాని పొట్ట కాదు, పెద్దపేగులో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. రోగాన్ని తగ్గించడానికి ఇచ్చిన మందు వీటినీ చంపుతుంది. అవి తగ్గగానే క్లాస్ట్రీడియం, సాల్మొనెల్లా లాంటి చెడ్డ బ్యాక్టీరియా విజృంభించి విరేచనాలు పట్టుకుంటాయి. బాగున్న గుర్రం కూడా ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో నీరంతా పోగొట్టుకుని చనిపోవచ్చు. బతికి బయటపడ్డా, గిట్ట లోపల వాపు వచ్చే లామినైటిస్ దాన్ని జీవితాంతం కుంటిదాన్ని చేయవచ్చు.

పుట్టిన పిల్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాని ఒంట్లో ఇంకా రక్షణ లేదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి చేరితే పొద్దున గంతులేసిన పిల్ల సాయంత్రానికి లేవలేకపోతుంది. అందుకే పెద్ద గుర్రం విషయంలో ఆగి, చూసి, పరీక్ష చేయించి మందు మొదలుపెట్టాలి. పిల్ల విషయంలో మాత్రం అనుమానం వచ్చిన గంటలోనే డాక్టర్‌ని పిలవాలి.

ఇక్కడ కొన్ని డోసులు ఇస్తున్నాను. మీరు సొంతంగా కోర్సు మొదలుపెట్టడానికి కాదు. డాక్టర్ రాసిచ్చిన మందును మీ చేతులతో ఇచ్చేటప్పుడు లెక్క తప్పకుండా ఉండటానికి, అనుమానం వస్తే వెంటనే అడగడానికి.

ముందు ఇది బ్యాక్టీరియా పనేనా?

మొదట జ్వరం చూడండి. థర్మామీటర్‌కు దారం కట్టి, దాని కొసను క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలించి, మలద్వారంలో పెట్టి చూడాలి. పెద్ద గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. పిల్లకు 38.9 వరకు ఉండవచ్చు. నొప్పి మందు ఏదైనా ఇచ్చే ముందే ఈ కొలత తీసుకోండి. ఫ్లూనిక్సిన్, ఫినైల్‌బ్యూటజోన్ లాంటివి ఇచ్చాక చూస్తే జ్వరం లేనట్టే కనిపిస్తుంది, లోపల రోగం మాత్రం పెరుగుతూ ఉంటుంది.

జ్వరం ఉందంటే యాంటీబయాటిక్ కావాలని అర్థం కాదు. ఇన్‌ఫ్లుయెంజా, హెర్పిస్ వైరస్‌లు గుర్రాల్లో చాలా మామూలు. ఒకేసారి నాలుగైదు గుర్రాలు దగ్గుతూ, ముక్కు నుంచి నీళ్లలా కారుతుంటే ముందు వైరస్‌నే అనుమానించాలి. దానికి విశ్రాంతి, దుమ్ము లేని గాలి, తడిపిన గడ్డి కావాలి. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. తేడా తెలుసుకోవడానికి డాక్టర్ రక్తంలో తెల్లకణాలు, ఒంట్లో వాపు ఉంటే పెరిగే ఫైబ్రినోజెన్, సీరం అమిలాయిడ్ ఎ అనే ప్రొటీన్లు, ఈ మూడూ చూస్తారు.

గిట్టలో చీము పట్టిన గుర్రం కాలు నేల మీద మోపలేక మూడు కాళ్ల మీద నిలబడుతుంది. చూసేవాళ్లకు ఎముక విరిగిందేమో అన్నంత టెన్షన్. దానికి కావలసింది యాంటీబయాటిక్ కాదు, చీము బయటికి పోయే దారి. డాక్టరో, అనుభవమున్న నాడాలు కొట్టే మనిషో గిట్టను కొద్దిగా చెక్కి దారి చేస్తే చాలావరకు మరుసటి రోజుకే నడక మారుతుంది.

స్ట్రాంగిల్స్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అనవసరంగా పెన్సిలిన్ వాడేది ఎక్కువగా ఇక్కడే. స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా వల్ల దవడ కింద, గొంతు పక్కన గ్రంథులు వాచి చీముగడ్డలవుతాయి. ఆ బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగుతుంది, అది నిజమే. కానీ గడ్డ చుట్టూ గోడ కట్టుకున్నాక మందు లోపలికి సరిగా చేరదు. సగంలో మందు ఇస్తే గడ్డ పండటం ఆగిపోతుంది, మందు ఆపగానే మళ్లీ మొదలవుతుంది. గుర్రం ఒంట్లో గట్టి రోగనిరోధకత కూడా ఏర్పడదు. అందుకే తింటూ, హుషారుగా ఉన్న గుర్రానికి వేడి కాపడం పెట్టి, గడ్డ పండాక చీము తీయించడమే మంచిది. గొంతు నొక్కుకుపోయి ఊపిరి ఆడకపోతేనో, బాగా నీరసించి తిండి మానేస్తేనో మాత్రం పెన్సిలిన్ తప్పదు. జబ్బుపడ్డ గుర్రాన్ని వేరుచేసి, మిగతావాటికి రోజూ రెండుపూటలా జ్వరం చూడండి. ముక్కు నుంచి బ్యాక్టీరియా బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే జ్వరం వస్తుంది. ఆ వ్యవధిలో పట్టుకుంటే మంద మొత్తాన్నీ కాపాడుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఎంత చిన్నదైనా ఆగకండి: కీలు దగ్గర, స్నాయువు తొడుగు దగ్గర గుచ్చుకున్న గాయం. పైకి పెసరబద్దంత కనిపించినా, లోపల కీలు కుహరంలోకి బ్యాక్టీరియా వెళ్లి ఉంటే ఆ కాలే పోతుంది. కీలును ద్రవంతో కడగాలి, మందు నేరుగా కీలులోకి కూడా ఇవ్వాలి. ఇంట్లో గాయం కడిగి ఇంజెక్షన్ ఇస్తే సరిపోదు.

మొదటి డోసుకు ముందు శాంపిల్

చీము, శ్వాసనాళం కడిగిన ద్రవం, కీలు నీరు, రక్తం, ఏది వీలైతే అది మందు ఇవ్వకముందే తీయించండి. మందు పడ్డాక తీసిన శాంపిల్‌లో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. కల్చర్, అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, ఫలితం రావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు డాక్టర్ అనుభవంతో ఒక మందు మొదలుపెడతారు, ఫలితం వచ్చాక కావాలంటే మారుస్తారు. ఖర్చు అనిపించి చాలామంది దీన్ని దాటేస్తారు. మొదటి మందు పనిచేయనప్పుడు ఏం చేయాలో చెప్పేది ఆ ఒక్క కాగితమే.

బరువు కొలవండి, ఊహించకండి

కంటి అంచనాలో గుర్రం బరువు చాలాసార్లు తక్కువగానే తేలుతుంది. తక్కువ డోసు ఇస్తే బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, మొండివి మిగులుతాయి. తూకం లేకపోతే టేపు తీసుకోండి. ముందు కాళ్ల మోచేతుల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక వరకు పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 180, పొడవు 165 అయితే 450 కిలోలు. ఇది పెద్ద గుర్రాలకే.

పిల్లకు ఈ లెక్క కుదరదు. మీరు దాన్ని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. పిల్ల పుట్టినప్పుడు తల్లి బరువులో పదో వంతు ఉంటుంది, తర్వాత రోజుకు కిలోకు పైగా పెరుగుతుంది. రెండు వారాల కోర్సులో మొదటి రోజు డోసే చివరిదాకా ఇస్తే, చివరికొచ్చేసరికి అది చాలా తక్కువ డోసు అయిపోతుంది. వారానికోసారి మళ్లీ తూచి, లెక్క మార్చమని అడగండి.

మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే టైమ్ ఎందుకో తెలుస్తుంది

పెన్సిలిన్ జాతి మందులకు రక్తంలో తగినంత మట్టం ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం. ప్రొకైన్ పెన్సిలిన్‌ను కిలోకు 22,000 యూనిట్ల చొప్పున 12 గంటలకోసారి ఇస్తారు. రాత్రి డోసు మానేసి పొద్దున రెట్టింపు ఇస్తే ఆ లోటు పూడదు. జెంటామైసిన్ సంగతి వేరు. అది ఎంత ఎత్తుకు చేరిందన్నది ముఖ్యం, తర్వాత బాగా దిగిపోవాలి, లేకపోతే కిడ్నీ దెబ్బతింటుంది. అందుకే పెద్ద గుర్రానికి కిలోకు 6.6 మి.గ్రా. చొప్పున రోజుకు ఒక్కసారే నరంలో ఇస్తారు. నీరు తాగని, ఒంట్లో నీరు తగ్గిన గుర్రానికి జెంటామైసిన్ ప్రమాదం. పైగా ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందు తోడైతే కిడ్నీ మీద భారం రెట్టింపవుతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందని అడగడానికి మొహమాటపడకండి. పెన్సిలిన్, జెంటామైసిన్‌లను జతగా వాడటం చాలా మామూలు, కానీ ఒకే సిరంజిలో ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే జెంటామైసిన్ బలం పోతుంది.

నోటితో ఇచ్చే ట్రైమెథోప్రిమ్-సల్ఫా చవక, వాడటం సులువు. రెండు మందులూ కలిపి కిలోకు 24 నుంచి 30 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. అయితే మూసుకుపోయిన చీముగడ్డలో ఇది పనిచేయదు, ఎందుకంటే కుళ్లిన కణాల నుంచి బ్యాక్టీరియాకు కావలసిన ముడిసరుకు సిద్ధంగా దొరుకుతుంది. ముందు చీము తీయాలి. గాలి అవసరం లేని బ్యాక్టీరియా ఉందనుకుంటే మెట్రోనిడజోల్ జతచేస్తారు. అది బాగా చేదు, కొన్ని గుర్రాలు తిండే మానేస్తాయి. చేతికి గ్లవుజు వేసుకుని ఇవ్వండి. సెఫ్టియోఫర్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి మనుషుల వైద్యంలోనూ ప్రాణాధారమైన తరగతులు. పెన్సిలిన్‌తో తగ్గే జబ్బుకు వాటిని అడగకండి.

ఇంజెక్షన్ చేసేటప్పుడు

ప్రొకైన్ పెన్సిలిన్ మి.లీ.కు 300,000 యూనిట్లు ఉండే సీసా అయితే 450 కిలోల గుర్రానికి ఒక్కో డోసు 33 మి.లీ. అవుతుంది. అంత మందును ఒకేచోట పొడవకూడదు. ఒక్కో చోట 10, 12 మి.లీ. మించకుండా మూడు చోట్ల ఇచ్చి, ప్రతి పూటా చోటు మార్చండి, ఎక్కడ ఇచ్చారో రాసుకోండి. మెడ మీద సరైన చోటు ఒక త్రికోణం: వెనక భుజం ఎముక, పైన జూలు కింద ఉండే గట్టి బంధనం, కింద మెడ వెన్నెముక. ఆ మధ్యలోని కండలోనే సూది దిగాలి. చిన్న పిల్లకు మెడలో కండ తక్కువ, అందుకే వెనక తొడ వెనుక భాగంలో ఇస్తారు. అలా ఇచ్చేటప్పుడు తన్నులు తగలకుండా పక్కగా, ఒంటికి ఆనుకుని నిలబడండి.

ప్రొకైన్ పెన్సిలిన్ సీసాను ఫ్రిజ్‌లో ఉంచాలి, వాడేముందు బాగా కలిసేలా తిప్పాలి. సూది గుచ్చాక సిరంజిని వెనక్కి లాగి చూడండి. రక్తం కనిపిస్తే తీసేసి వేరే చోట గుచ్చండి. మందు ఎక్కిస్తూ మధ్యలో ఇంకోసారి లాగి చూడండి. ఇది చాదస్తం కాదు. ఈ మందు రక్తనాళంలోకి పోతే క్షణాల్లో గుర్రం బుసకొట్టి, కళ్లు పెద్దవి చేసి, గోడలకు కొట్టుకుంటూ పరుగెత్తి పడిపోతుంది. అలా జరిగితే పట్టుకోవడానికి ప్రయత్నించకండి. తలుపు వేసి మీరు బయటికి వచ్చేయండి. చాలా గుర్రాలు కొద్ది నిమిషాల్లో తేరుకుంటాయి, కొన్ని చనిపోతాయి. ఇంజెక్షన్ ఇచ్చే చోట మీకు బయటికి దారి ముందే ఉండాలి. పందేలకు, పోటీలకు వెళ్లే గుర్రమైతే ప్రొకైన్ డోపింగ్ పరీక్షలో పట్టుబడుతుందని కూడా గుర్తుంచుకోండి.

నోటి మందు ఇవ్వడానికి మాత్రలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పెద్ద మూతి ఉన్న సిరంజిలోకి తీసుకోండి. ముందు నోట్లో ముద్ద లేకుండా చూసి, పళ్లు లేని ఖాళీలోంచి నాలుక వెనక్కి కొద్దికొద్దిగా వదలండి. 450 కిలోలకు కిలోకు 30 మి.గ్రా. లెక్కన 960 మి.గ్రా. సల్ఫా మాత్రలు పూటకు 14 అవుతాయి. దాణాలో కలిపితే సగం తొట్టిలోనే మిగిలిపోవచ్చు, తిన్నదీ సరిగా ఒంటపట్టదు.

గుర్రానికి ఎప్పుడూ పెట్టకూడనివి

లింకోమైసిన్, క్లిండామైసిన్ గుర్రం పెద్దపేగును నాశనం చేస్తాయి. వేరే పశువుల కోసం తెచ్చిన లింకోమైసిన్ కలిపిన దాణా పొరపాటున తిన్నా ప్రాణాపాయమే. కోళ్ల, పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది, ఆ సంచులను గుర్రపుశాల దరిదాపుల్లో ఉంచకండి. డాక్సీసైక్లిన్ నోటితో ఇవ్వవచ్చు, నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. సల్ఫా మందు నరంలో ఇచ్చే గుర్రానికి మత్తు కోసం డిటోమిడిన్ ఇస్తే గుండె లయ తప్పి చనిపోవచ్చు, కాబట్టి మరో డాక్టర్ వచ్చినప్పుడు ఏ మందు నడుస్తోందో మొదట చెప్పండి. ఎన్రోఫ్లాక్సాసిన్ ఎదిగే పిల్ల కీళ్లలోని మృదులాస్థిని దెబ్బతీస్తుంది.

మందు నడుస్తుండగా

పొద్దున, సాయంత్రం జ్వరం, తిండి, నీరు, లద్ది ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. 48 నుంచి 72 గంటలు ఇవ్వకుండా మందు మార్చమని అడగకండి. ఆ గడువు దాటినా మార్పు లేకపోతే అడగడం మానకండి. లద్ది మెత్తబడి జావలా మారితే మరో డోసు ఇవ్వకండి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. "ఇంకో రెండు రోజులే కదా, కోర్సు పూర్తిచేద్దాం" అనుకోవడం గుర్రాల విషయంలో చాలా ప్రమాదకరం. ఆ గుర్రాన్ని వేరుచేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. సాల్మొనెల్లా మనుషులకూ అంటుకుంటుంది.

ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి ఉంటుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన న్యుమోనియాకు వారాలు పట్టవచ్చు. దూరప్రయాణంలో తల పైకి కట్టేసి ఉంచిన గుర్రాలకు ఇది తరచుగా వస్తుంది. సీరం అమిలాయిడ్ ఎ త్వరగా దిగుతుంది, ఫైబ్రినోజెన్ నెమ్మదిగా దిగుతుంది. డాక్టర్ ఈ రెండూ చూసి ఆపమంటారు. కోలుకున్నట్టు కనిపించిందని మీ అంతట మీరు ఆపకండి.

పిల్ల పుట్టిన మొదటి రోజు

గుర్రం మాయలోంచి యాంటీబాడీలు పిల్లకు దాటవు. రక్షణ మొత్తం ముర్రుపాలలోనే వస్తుంది. పేగు వాటిని పీల్చుకునే శక్తి మొదటి కొన్ని గంటల్లో బాగుంటుంది, 24 గంటలకు దాదాపు పోతుంది. పిల్ల గంటలోపు లేవాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, మూడు గంటల్లోపు తల్లికి మాయ పడిపోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఫోన్ చేయండి. బొడ్డును పలచని క్లోర్‌హెక్సిడిన్‌లో ముంచండి.

18 నుంచి 24 గంటల మధ్య రక్తంలో ఐజీజీ (ముర్రుపాలతో వచ్చే యాంటీబాడీ) పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 800 మి.గ్రా. పైన ఉంటే నిశ్చింత. 400 కంటే తక్కువైతే రక్షణ అందనట్టే, ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) ఎక్కించాలి. ఈ లోటును యాంటీబయాటిక్‌తో పూడ్చలేం. అందరు పిల్లలకూ ముందుజాగ్రత్త ఇంజెక్షన్లు పొడిచే బదులు ఈ ఒక్క పరీక్షకు ఖర్చుపెట్టడం మేలని నా గట్టి నమ్మకం.

రక్తంలో ఇన్‌ఫెక్షన్ మొదటి ఆనవాలు పిల్లలో కాదు, తల్లి పొదుగులో కనిపిస్తుంది. పొదుగు నిండి పాలు కారుతున్నాయంటే, పిల్ల నుదుటి మీద పాలు ఎండి ఉన్నాయంటే, అది పొదుగు దగ్గర నిలబడుతోంది కానీ తాగడం లేదు. జ్వరం ఉండకపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు కూడా. అందుకే థర్మామీటర్ చూసి ధైర్యపడకండి. చిగుళ్లలో చిన్న ఎర్ర చుక్కలు, తడిగా వాచిన బొడ్డు, ఎక్కువసేపు పడుకోవడం చూడండి. కుంటే పిల్లను చూసి "తల్లి తొక్కి ఉంటుంది" అనుకోవద్దు. కీలు వేడిగా వాచిందా అని తడమండి, వాచకపోయినా అదే రోజు చూపించండి.

ఈ ఇన్‌ఫెక్షన్లలో ఈ-కోలై, యాక్టినోబాసిల్లస్ లాంటివి ఎక్కువ, స్ట్రెప్టోకాకస్ కూడా ఉంటుంది. అందుకే పెన్సిలిన్ జాతి మందుతో పాటు అమికాసిన్ ఇస్తారు, కిలోకు 20 నుంచి 25 మి.గ్రా. రోజుకోసారి. జెంటామైసిన్ కంటే ఈ బ్యాక్టీరియా మీద ఇది ఎక్కువగా పనిచేస్తుంది. రక్తం కల్చర్‌కు తీసి, ఫలితం కోసం ఆగకుండా మొదటి డోసు ఇచ్చేస్తారు. కోర్సు సాధారణంగా రెండు వారాలు లేదా అంతకు ఎక్కువ. మందు ఒక్కటే పిల్లను బతికించదు. వెచ్చదనం, ప్లాస్మా, సెలైన్, ట్యూబుతో పాలు అన్నీ కావాలి. వీలైతే ఆస్పత్రిలో చేర్చండి.

వారం పదిరోజుల వయసులో వచ్చే నీళ్ల విరేచనాలు వేరు. పిల్ల హుషారుగా ఉండి పాలు తాగుతుంటే అవి వాటంతట అవే తగ్గుతాయి, యాంటీబయాటిక్ వద్దు. తోక కింద కడిగి నూనె పూయండి.

నెల నుంచి నాలుగు నెలల వయసులో దగ్గు

దగ్గు, వేగంగా ఊపిరి, జ్వరం ఉంటే రోడోకాకస్ ఈక్వై గురించి అడగండి. దుమ్ములో ఉండే ఈ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో చీముగడ్డలు కడుతుంది. పెన్సిలిన్ దానికి పనిచేయదు. అజిత్రోమైసిన్ లేదా క్లారిత్రోమైసిన్‌తో రిఫాంపిసిన్ కలిపి వారాల తరబడి ఇస్తారు. రిఫాంపిసిన్ ఒక్కటే ఎప్పుడూ ఇవ్వకూడదు, బ్యాక్టీరియా చాలా త్వరగా దానికి అలవాటుపడుతుంది. అల్ట్రాసౌండ్‌లో చిన్న గడ్డలు కనిపించి, పిల్ల బాగానే ఉంటే చాలాసార్లు మందు లేకుండానే తగ్గిపోతుంది. కనిపించిన ప్రతి గడ్డకూ ఇదే జతను వాడటం వల్ల కొన్ని చోట్ల ఈ మందులకు లొంగని రకాలు పుట్టాయి.

ఈ మందులు పడుతున్న పిల్లకు చెమట సరిగా పట్టదు. ఎండలో ఒళ్లు విపరీతంగా కాలి కూలిపోవచ్చు, కాబట్టి పగలు నీడలో, గాలి ఆడే చోట ఉంచి, తల్లితో రాత్రిపూటే బయటికి వదలండి. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే కంగారుపడకండి, అది రిఫాంపిసిన్ రంగు. అజిత్రోమైసిన్ జాతిలోదే అయిన ఎరిత్రోమైసిన్ పెద్ద గుర్రం పేగుకు ప్రమాదం. పిల్ల మూతికి అంటిన మందును, దాని లద్దిలో మిగిలినదాన్ని నాకిన తల్లులకే విరేచనాలు పట్టుకుని చనిపోయిన సందర్భాలున్నాయి. మందు ఇచ్చాక పిల్ల మూతి కడగండి, లద్ది వెంటనే ఎత్తేయండి, తల్లి లద్దిని కూడా రోజూ చూడండి. కోర్సు ముగించే ముందు అల్ట్రాసౌండ్‌లో గడ్డలు పోయాయో లేదో చూపించుకుని, ఆపాక మరో రెండు వారాలు రోజూ జ్వరం చూస్తూ ఉండండి.